కొక్కెం మీద నాలుగు సైకిళ్లు

మూతకు ఇంకా 9 రోజులు. నెల్లిమర్ల.
మనుషులు: ముగ్గురు. సైకిళ్లు: నాలుగు. నీళ్లు: రెండు డ్రమ్ములు. విశేషాలు:

బండికొకటి చొప్పున ఇచ్చిన ఈ పుస్తకంలో విశేషాల గడి రెండు వేళ్ల వెడల్పుంది. గీసినవాడి దృష్టిలో విశేషమంటే టైరు పంక్చరవడమో, మనిషి పోవడమో అయ్యుంటుంది. రెండూ రెండు మాటల్లో అయిపోతాయి. నేను నలభై ఏళ్లు పాలిటెక్నిక్‌లో మెకానిక్స్ చెప్పినదాన్ని, ఏ లెక్కనూ రెండు వేళ్లలో తేల్చలేదు. అందుకని గడి దాటి పేజీ అడుగు దాకా రాస్తాను. అభ్యంతరమున్నవాళ్లు కొండ మీద పైమెట్ట ఆఫీసులో చెప్పుకోవచ్చు. నేను అక్కడే ఉంటాను. ఉంటే.

రేపు తెల్లారుతూనే బయల్దేరతాం. తొమ్మిదో నాటికి ఘాట్ గేటు మూసేస్తారు. ఆ తర్వాత వానలు పడేదాకా కింద ఉండేది బల్లులూ, మొండివాళ్లూ. బల్లులు కొన్ని బతుకుతాయి.

బండి పైకప్పంతా సౌరఫలకం. దాని మీద తువ్వాలు ఆరేసినా బండి మూలుగుతుంది. అందుకని సామానంతా వెనకే. బండి వెనక కొక్కెం, కొక్కేనికి సైకిళ్లు తగిలించే ర్యాకు, ర్యాకు కింద నుంచి ట్రాలీ. ఒకే కొక్కేనికి రెండు బరువులు వేయడం నాకిష్టం లేదు. కానీ ట్రాలీ లేకపోతే దారిలో నీళ్లుండవు, సైకిళ్లు లేకపోతే పైన నీళ్లుండవు.

పైన మనిషికో సైకిలు. వరసలో బిగించి రోజుకు రెండు గంటలు తొక్కితేనే బావి నీళ్లు పైకొచ్చేది, ఫ్యాన్లు తిరిగేది. సైకిలుకు కొట్టిన రేకు మీది నంబరే మనిషి నంబరు. మా మనవరాలు అరు. దానికి ఈ ఏడుతో తొమ్మిది నిండాయి, మొదటిసారి సొంత రేకు వచ్చింది. దాన్ని చీరగుడ్డతో ఎన్నిసార్లు తుడిచిందో, అందులో ఎండ చూసుకుంటే కళ్లు పోతాయి.

నాది, కోడలు గౌరిది, అరుది. నాలుగోది మా వాడిది.

వాడు పోయి ఇవాళ్టికి డెబ్బై రెండు రోజులు. పుష్యమాసంలో, అసలు రాకూడని ఎండలో, వంతెన దగ్గర పంపు చూసొస్తానని వెళ్లాడు. నలభై ఒక్క ఏళ్లు. ఆరడుగులు.

గౌరి తాడు చేతిలో పట్టుకుని నిలబడింది.

"ఇదెందుకత్తా?"

"కట్టు."

"తొక్కేవాళ్లు లేరు కదా."

"తొక్కమని ఎవరన్నారు? కట్టమన్నాను."

కట్టింది. చివర్న, ట్రాలీ వైపు.

మూతకు 8 రోజులు. విజయనగరం దాటి.
మనుషులు: ముగ్గురు. సైకిళ్లు: నాలుగు. నీళ్లు: రెండు డ్రమ్ములకు రెండు చెంబులు తక్కువ.

అరవై బండ్ల బారు. ముందు బండి ఎంత నెమ్మదో అందరమూ అంత నెమ్మది. పొద్దున ఎనిమిదయ్యేసరికి రోడ్డు దిగి పందిళ్ల కింద చేరాలి. గౌరి బాగా నడుపుతుంది. మాట్లాడకుండా నడుపుతుంది.

విజయనగరంలో కోట మూల తిరిగేటప్పుడు వెనక ఠంగుమంది. బండి ఒకవైపు తిరిగితే ట్రాలీ ముక్కు మూల లోపలికి వస్తుంది. వచ్చి, చివర కట్టిన సైకిలు వెనక చక్రానికి కొట్టింది. దిగి చూశాను. మడ్గార్డు మీద రంగు లేచింది. వాడు వేసిన రంగు, ముదురు నీలం. ఇంకేం కాలేదు.

తాళ్లు విప్పించి వరస మార్చాను. పెద్ద సైకిలు బండి వైపు, పొట్టిది ట్రాలీ వైపు. పొట్టిది పక్కకు తక్కువ పొడుచుకొస్తుంది, మూల తగలదు. లెక్క కరెక్టే.

"మామ్మా, నా సైకిల్ వెనక్కెళ్లిపోయింది," అంది అరు.

"పొట్టివాళ్లు వెనక. అసెంబ్లీలో నువ్వెక్కడ నిలబడతావు?"

"ముందు. పొట్టివాళ్లు ముందే నిలబడతారు."

లెక్క కరెక్టే, పోలిక తప్పింది. మాట మార్చాను.

మూతకు 7 రోజులు. గంట్యాడ పందిరి.
మనుషులు: ముగ్గురు. సైకిళ్లు: నాలుగు.

కొక్కెం అతుకు దగ్గర వెంట్రుకంత పగులు కనబడింది. వేలుగోటితో గీస్తే ఆగింది. కళ్లకు కనబడకపోయినా గోరు ఆగితే పగులే. ఇది నా పిల్లలకు నేను చెప్పిన మాట. చెప్పినదాన్ని నేనే కాబట్టి నమ్మక తప్పలేదు.

బారు వెంట నడిచే వెల్డింగు మనిషి ఉందంటే పిలిపించాను. పేరు సన్యాసమ్మ. నలభై ఐదేళ్లుంటాయి. పొట్టి మనిషి, చేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు. పెట్టె తలమీద, గొంతు అంతకన్నా మీద. బండి కింద దూరి పడుకునే మాట్లాడింది.

"ఓలమ్మ, ఏటిది? కొక్కెం ఒకటి, కోడళ్లు ఇద్దరా? ట్రాలీ ఒకపక్క లాగుతంటే సైకిళ్లు ఒకపక్క ఏలాడతన్నాయి. పాపం దీని నడుం ఇరిగిపోదా?"

"నడుం సంగతి నాకు తెలుసు. అతుకు సంగతి నువ్వు చూడు."

"సూత్తన్నాను గాని, ఎంత బరువేటి?"

చెప్పాను. నిన్న ముల్లు తక్కెడతో తూచి రాసుకున్నవే. ర్యాకు పద్నాలుగు కిలోలు. సైకిళ్లు పదహారు, పదిహేను, తొమ్మిది, పద్దెనిమిది. ట్రాలీ ముక్కు కొక్కెం మీద వేసేది నలభై. మొత్తం నూట పన్నెండు. కొక్కెం మోయగలిగేది వంద. బండి కింద రేకు మీద కొట్టి ఉంది, శృంగవరపుకోట కాటా దగ్గర చూసేదీ దాన్నే. దాటితే ఘాట్ ఎక్కనివ్వరు.

సన్యాసమ్మ కింద నుంచి తల బయటికి పెట్టింది. "మనుసులు ముగ్గురే గదా. నాలుగోది ఎవులది?"

గౌరి పలికింది. "మా ఆయనది."

"ఓ," అని మళ్లీ లోపలికి దూరింది. చాలాసేపు వెల్డింగు చప్పుడే. బయటికొచ్చాక గౌరి అన్నం పెడితే తిన్నది. "పేరు ఎవులికన్నా ఇత్తన్నారా?" అని అడిగింది, ఊరికే అడిగినట్టు.

"ఇవ్వడం లేదు," అన్నాను.

"పైన మూడు పిలుపులకి ఎవులూ పలక్కపోతే సైకిల్ ముక్కలు కోసెత్తారు."

"నాకు తెలుసు."

"తెలుసనే అన్నాను. మీరు సదువుకున్నోలు." చెయ్యి కడుక్కుని, ఆ నీళ్లు వృథా పోకుండా మెడకు రాసుకుని వెళ్లిపోయింది.

అరు అడిగింది, "పేరివ్వడమంటే ఏంటి మామ్మా?" నేను వినబడనట్టు ఉన్నాను. గౌరి చెప్పింది. పైన పుస్తకంలో కొత్త పేర్లు ఎక్కించరు, పాతవాళ్లకు పుట్టినవాళ్లను తప్ప. ఎవరైనా పోతే వాళ్ల సైకిలు పేరులేని వాళ్లకు ఇవ్వచ్చు. హ్యాండిల్ పట్టుకుని పోయినవాళ్ల పేరు పిలవాలి. తీసుకునేవాళ్లు 'ఉన్నాను' అనాలి. అప్పట్నుంచి పుస్తకంలో వాళ్లది ఆ పేరే. రోజూ పిలుపులో ఆ పేరుకే పలుకుతారు. తల్లి ఉంటే తల్లే ఇవ్వాలి. లేకపోతే భార్య.

"అంటే నాన్న పేరు పిలిస్తే వేరేవాళ్లు పలుకుతారా?"

"ఊఁ."

"వాళ్లు ఎలా పలుకుతారో," అంది అరు.

అందుకే ఇవ్వడం లేదు. ఇది విశేషాల గడిలో పట్టింది.

మూతకు 6 రోజులు. గంట్యాడలోనే.
ముందెవరిదో ఇరుసు విరిగింది, బారు కదల్లేదు.

మధ్యాహ్నం గౌరీ, అరూ నిద్రపోయారు. నాకు ఈమధ్య నిద్రా లేదు, మెలకువా లేదు. రెంటికీ మధ్య ఏదో వెయిటింగ్ రూమ్‌లో ఉన్నట్టుంటుంది. రైలు కోసం కాదు. ఊరికే.

లేచి ట్రాలీ ముందువైపున్న నీళ్ల డ్రమ్మును ఇరుసు వెనక్కి జరిపాను. జానెడు జానెడుగా, గంట పట్టింది. డెబ్బై ఒక్క ఏళ్ల నడుం కాబట్టి నడుమూ లెక్కలోకి వచ్చింది. ముల్లు తక్కెడ తగిలించి చూస్తే ముక్కు బరువు నలభై నుంచి ఇరవై ఐదుకు దిగింది. మొత్తం తొంభై ఏడు. కాటాకు సరిపోతుంది.

ముక్కు తేలికైన ట్రాలీ ఏం చేస్తుందో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? తోక ఆడిస్తుంది. ప్రతి ఏడూ బల్ల మీద చిన్న చెక్క ట్రాలీ లాగి చూపించేదాన్ని, పిల్లలు నవ్వేవాళ్లు. పరీక్షలో ఎనిమిది మార్కుల ప్రశ్న.

గౌరికి చెప్పలేదు.

మూతకు 5 రోజులు. తాటిపూడి దాటి.
మనుషులు: ముగ్గురు. సైకిళ్లు: నాలుగు. నీళ్లు: ఒక డ్రమ్ము.

తాటిపూడి జలాశయంలో ఇప్పుడు నీళ్లు లేవు, గాలి ఉంది. ఆ గుంటలో తిరిగి తిరిగి గట్టెక్కి రోడ్డును అడ్డంగా కొడుతుంది. ముందు బండి దూరమైందని గౌరి దిగుడులో కాస్త వేగం పెంచింది. అంకె నలభై చూపించింది.

ట్రాలీ మొదట మెల్లగా ఊగింది. గౌరి అద్దంలో చూసి బ్రేకు మీద కాలేసింది. అప్పుడు వెయ్యకూడదు. నోరు తెరిచాను. మాట రాలేదు. నలభై ఏళ్లు వందలమందికి చెప్పిన మాట, ఒక్క మాట, పక్కనున్న మనిషికి చెప్పలేకపోయాను. ఇటొకసారి, అటొకసారి. మూడోసారి ట్రాలీ మూల వచ్చి ర్యాకును కొట్టింది. వెనక డ్రమ్ము తాడు తెంచుకుని రోడ్డు మీద దొర్లి పగిలింది. నూట ఇరవై లీటర్లు. తారు వాటిని మేం కిందికి దిగేలోపే తాగేసింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. రాయాల్సింది ముందు అదే, అందుకే రాశాను.

సైకిళ్లు చూశాను. నాది, గౌరిది బాగున్నాయి. బండి వైపున్న నీలం సైకిలుకు గీత కూడా పడలేదు. ట్రాలీ వైపున్న అరు సైకిలు ముందు చక్రం అప్పడంలా మడతపడింది.

అరు ఏడవలేదు. దాన్ని చూసి, నన్ను చూసి, "లెక్క తప్పిందా మామ్మా?" అంది.

గౌరి ట్రాలీ చుట్టూ తిరిగొచ్చింది. డ్రమ్ము ఉన్న చోటూ, ఉండాల్సిన చోటూ చూసింది. తను చదివిందీ నా దగ్గరే. పెళ్లి సంబంధం కూడా ఆ క్లాసులోనే కుదిరింది.

"డ్రమ్ము మీరు జరిపారా అత్తా?"

"ఊఁ."

"తెలిసే?"

"ఊఁ."

తిట్టి ఉంటే బాగుండేది. మా ఇంట్లో తిట్టే పని నాది. డెబ్బై రెండు రోజులుగా ఆ పని నేనూ చెయ్యడం లేదు, అది ఖాళీగా ఉంది. ఎవరైనా చేరచ్చు.

(డెబ్బై రెండు కాదు. డెబ్బై ఆరు. లెక్క పెట్టడం ఎక్కడో ఆపేశాను.)

మూతకు 4 రోజులు. తాటిపూడి అవతలి పందిరి.
మనుషులు: ముగ్గురు. సైకిళ్లు: మూడున్నర.

చక్రం తిరగని సైకిలుకు గేటులో ముద్ర వెయ్యరు. మొదటి ఏడు ముద్ర పడకపోతే అరు పేరు పుస్తకంలో ఎక్కదు. అంటే ఏమవుతుందో గౌరీ నేనూ ఒకరికొకరం చెప్పుకోలేదు.

సన్యాసమ్మ తనే వచ్చింది. బారులో కబురు వెల్డింగు కన్నా తొందరగా అంటుకుంటుంది. అరు సైకిల్ని తిరగేసి పెట్టి చక్రం విప్పింది.

"ఏటే గుంటా, నీ సక్రం ముగ్గులాగైపోనాది. ఎవులేసినారే ఈ ముగ్గు?"

అరు వేలు నా వైపు చూపించింది.

"టీచరమ్మా, చుక్కలెన్ని పెట్టినారు?" అంది సన్యాసమ్మ, నవ్వకుండా.

"ముగ్గు నాకు రాదు. గీతలు వచ్చు," అన్నాను.

రిమ్మును రెండు రాళ్ల మధ్య పెట్టి మోకాలితో నొక్కి ముందు పెద్ద వంపు తీసింది. తర్వాత ఒక్కొక్క పుల్లా బిగించడం, వదలడం. చక్రం తిప్పి, పక్కన గోరు ఆనించి, ఎక్కడ తగిలితే అక్కడ చిన్న తాళంతో పావు తిప్పు. మళ్లీ తిప్పడం. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం దాకా అదే పని. నేను ఎదురుగా కూర్చుని చూశాను. చెయ్యడానికి నా దగ్గర వేరే పని లేదు, ఈ పని నుంచి కళ్లు తిప్పాలనీ అనిపించలేదు. మంచి చేతులు. నా ల్యాబులో ఇలాంటి చేతులు రెండో మూడో చూశాను. వాటిలో ఒక జత ఇంట్లోనే ఉండేది.

"నీ రేకు నంబరెంత?" అని అడిగాను.

"నాకు రేకు లేదమ్మా. మాది పూసపాటిరేగు అవతల. ఊరితో పాటు ఊరి పుస్తకం కూడా సముద్రంలో కలిసిపోనాది. సన్యాసమ్మన్నది కింద పేరే. పైన నాకు పేరు లేదు."

"మరి మూత పడ్డాక?"

"పాత రైలు సొరంగం. సల్లగానే ఉంటాది లోపల. నీళ్లకే ఇబ్బంది." చక్రం తిప్పింది. "పోయినేడు ఇరవై మందిమి ఎల్లినాం."

ఎంతమంది తిరిగొచ్చారని అడగాలి. ఆవిడే చెప్పింది.

"పన్నెండు మందిమి వచ్చినాం. ఈ ఏడు సొరంగం కప్పు కూడా కొంత పడిపోనాదట. సూడాల."

గోరు ఆనించి చక్రాన్ని మళ్లీ తిప్పింది. ఈసారి ఎక్కడా తగల్లేదు. సర్రుమని తిరుగుతూనే ఉంది. అరు చప్పట్లు కొట్టింది.

"నన్ను అడగొచ్చు కదా," అన్నాను.

"ఏటి?"

"ఆ నాలుగో సైకిలు."

సన్యాసమ్మ పనిముట్లు తుడిచి పెట్టెలో సర్దుకుంది. "పేరు అడుక్కోకూడదమ్మా. అన్నం అడగొచ్చు, నీళ్లు అడగొచ్చు. పేరు అడిగితే సచ్చినోల కోసం కాసుకున్నట్టుంటాది."

గౌరి అన్నం తెచ్చింది. ముగ్గురం కాదు, నలుగురం తిన్నాం. పచ్చడి ఘాటుగా ఉందన్నాను. డెబ్బై ఏడు రోజుల్లో రుచి గురించి నేనన్న మొదటి మాట అదేనని గౌరి తర్వాత చెప్పింది. నేను గమనించలేదు.

సాయంత్రం మిగిలిన డ్రమ్మును ముందుకు, తక్కెడ సరైన బరువు చూపేదాకా తోశాను. ఈసారి గౌరి రెండో వైపు పట్టుకుంది. ముక్కు బరువు మళ్లీ నలభై.

మూతకు 3 రోజులు. శృంగవరపుకోట కాటా.

తెల్లవారుజామున బారులో మా వంతు వచ్చింది. కాటా మీద కూర్చున్నవాడు మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. బట్టతల, ఖాకీ చొక్కా, చెవిలో పెన్సిల్.

"నమస్కారం మేడమ్. గుర్తుపట్టినారా?"

"డాలినాయుడివి. మొమెంట్స్ పేపరు రెండుసార్లు తప్పావు."

"మూడుసార్లు మేడమ్. సూడండి, ఇప్పుడు అదే అన్నం పెడతంది." బండి వెనక తూకపు పలక పెట్టి, కొక్కేన్ని దాని మీదికి దించాడు. ముల్లు చూసి గొంతు తగ్గించాడు. "నూట పన్నెండు."

"తెలుసు."

"వంద దాటితే ఎక్కనివ్వకూడదు. ఎనక్కెల్లి తగ్గించుకుని రమ్మనాల. మళ్లీ వంతు రావాలంటే నాలుగు రోజులు."

మూతకు మూడే ఉన్నాయి. ఆ తీసివేత వాడూ చేశాడు. చుట్టూ చూసి, దగ్గరికి వచ్చాడు.

"మేడమ్, ఆ డ్రమ్ము ఇరుసు ఎనక్కి జరపండి. తొంభై ఏడో ఎనిమిదో పడుద్ది, నేను రాసేసుకుంటాను. అందరూ అదే సేత్తన్నారు. నానేటీ సూడనట్టే."

వాడు దయతలచి అన్నాడు. నా దగ్గర నేర్చుకోని పాఠాన్ని నాకే సాయంగా ఇస్తున్నాడు.

పైన పన్నెండు మలుపులు. ట్రాలీ వైపున ఇంకా అరు సైకిలే ఉంది. బండిలో అరు కిటికీకి ముక్కు ఆనించి నన్ను చూస్తోంది. గౌరి రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని ముందుకే చూస్తోంది. ఈసారి డ్రమ్ము జరిపినా ఏమీ అనదు. దిగి తోయడానికి సాయం పడుతుంది కూడా. అది నాకు బాగా తెలుసు.

"డాలినాయుడూ, బరువెంతో చెప్తే సగం లెక్క. మిగతా సగం ఏమిటి?"

"ఎంత దూరాన ఏలాడతందో."

"చూశావా, ఇప్పుడు పాసయ్యావు." తాళ్లు విప్పడం మొదలుపెట్టాను.

మా వాడి సైకిలు అన్నిటికన్నా లోపల ఉంది. నేనే పెట్టించాను. అందుకని ముందు మిగతా మూడూ దించాల్సి వచ్చింది. డాలినాయుడు ఒక చెయ్యి వేశాడు. వెనక బండ్లవాళ్లు హారన్లు కొట్టారు. నేను వాళ్ల వైపు చూశాను. మానేశారు. చూపు ఇంకా పనిచేస్తోంది.

సన్యాసమ్మ గట్టు మీద పెట్టె పక్కన కూర్చుని ఉంది. పేరులేనివాళ్లు కాటా దాకానే రావచ్చు, ఇక్కణ్నుంచి వాళ్ల దారి సొరంగాల వైపు. నీలం సైకిలు నడిపించుకుంటూ వెళ్లి ఆమె ముందు నిలబెట్టాను.

"లే."

ఆమె లేచింది.

హ్యాండిల్ మీద చెయ్యి పెట్టమన్నాను. పెట్టింది. నా చెయ్యి కూడా అక్కడే ఉంది. రబ్బరు పిడి మీద వాడి బొటనవేలు అరగదీసిన పల్లం నా వేలికి తగిలింది. నా బొటనవేలు దానికి చిన్నది.

పేరు పిలవాలి. ఈ పుస్తకంలో ఇన్ని పేజీలు రాశాను, ఎక్కడా రాయలేదు. ఇంట్లో కూడా అనలేదు. గౌరి 'ఆయన' అనేది, అరు 'నాన్న' అనేది, నేను 'వాడు' అని గడిపేశాను. నోరు తెరిచాను. తాటిపూడి దగ్గర లాగే మాట రాలేదు. వెనక గౌరి బండి తలుపు తీసిన చప్పుడు వినబడింది. వచ్చి నా పక్కన నిలబడింది. తను అంటుందేమో అనుకున్నాను. అనలేదు. తల్లి ఉండగా తల్లే అనాలి.

"పొట్నూరు పారినాయుడు," అన్నాను.

హాజరు పిలిచినట్టే వచ్చింది. క్లాసులో వాణ్ని ఎప్పుడూ అలాగే పిలిచేదాన్ని, ఇంటిపేరుతో సహా. తల్లి కదా అని వేరేగా చూస్తానని ఎవరూ అనుకోకూడదని.

"ఉన్నాను," అంది సన్యాసమ్మ.

డాలినాయుడు చెవిలో పెన్సిల్ తీసి రాసుకున్నాడు. కొక్కెం మళ్లీ తూచాడు. తొంభై నాలుగు. పద్దెనిమిది కిలోలు తగ్గింది. వాటిని సన్యాసమ్మ తనే తొక్కుకుంటూ ఘాట్ ఎక్కుతుంది కాబట్టి అవిప్పుడు ఎవరి కొక్కెం మీదా లేవు. ఆమె వెల్డింగు పెట్టె ట్రాలీలో సరిగ్గా ఇరుసు మీద వేశాం. అది చిన్న బరువు, ముక్కు కదల్లేదు. తూచే వేశాను.

ఆమె సైకిలెక్కబోయి ఆగింది. కాలు పెడలుకు అందలేదు.

"అమ్మా, సీటు దించుకోమన్నారా? మీ అబ్బాయి బాగా పొడుగు."

"ఆగు."

జడపిన్ను తీసి, సీటు గొట్టం మీద, అది సైకిల్లోకి దిగే చోట అడ్డంగా గీత గీశాను. గట్టిగా, రంగు లేచి ఇనుము కనబడేదాకా.

"ఇప్పుడు దించుకో."

పైమెట్ట. రెండో రోజు.
మనుషులు: నలుగురు. సైకిళ్లు: నాలుగు. నీళ్లు: ఇకనుంచి బావివి.

గేటు నిన్న మూశారు. అరు సైకిలుకు ముద్ర పడింది. చక్రాన్ని మూడుసార్లు తిప్పి చూశారు, గోరు తగల్లేదు. ముద్ర తడి ఆరకముందే వేలు పెట్టి చూసుకుంది, వేలు మీద కూడా సగం నంబరు పడింది.

పొద్దున వరసలో నిలబెట్టి పేర్లు పిలిచారు. నాది పిలిచారు, పలికాను. గౌరి పలికింది. అరు కొండవతల ఊళ్లకు కూడా వినబడేలా పలికింది. తర్వాత వాడి పేరు పిలిచారు.

నా వెనక నుంచి, బొంగురు గొంతు. "ఉన్నానండి."

'అండి' అనేవాడు కాదు వాడు. ఎవరికీ అనలేదు, ఆఫీసర్లకు కూడా. సన్యాసమ్మకు చెప్పాలి. చెప్పనా, వద్దా అని రెండు గంటలు తొక్కుతూ ఆలోచించాను. రెండు గంటలు ఒకే విషయం ఆలోచించి చాలాకాలమైంది. చెప్పకూడదని తేలింది. పేరు ఇచ్చాను కానీ గొంతు ఇవ్వలేదు కదా.

పక్క సైకిలు మీద ఆమె నన్ను మించి తొక్కుతోంది, ఫ్యాన్ల మీద కసి ఉన్నట్టు.

"నెమ్మది," అన్నాను. "రోజూ తొక్కాలి. నాలుగు నెలలు."

"అలాగేనమ్మా." తగ్గించింది. కాసేపటికి మళ్లీ మొదలు.

దిగాక గుడ్డ పెట్టి సైకిళ్లు తుడిచాను. నాది, అరుది, గౌరిది. నీలందానికి సీటు గొట్టం తుడుస్తూ గీత కోసం వెతికాను. సీటు నాలుగు వేళ్లు దిగింది. గీత లోపలికి పోయింది, బయటికి కనబడదు.

గుడ్డ పిండి ఆరేశాను.